లియాఖత్ సాబ్ తెలుగు

మైదా జిగురు అడుగంటకుండా జాహేదా గరిటె తిప్పుతూనే ఉంది. వారపత్రిక కట్టల మీద చిరునామాలు అంటించడానికి అది. హుజూర్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లు ఆ పత్రిక నడిపిన ఆమె భర్త లియాఖత్ అలీ పోయి నలభై రోజులైంది. ఈ సంతాప సంచిక వేసి పత్రిక మూసేద్దామని కొడుకు అఖీల్ అనుకున్నాడు.

"అబ్బా రాసే తెలుగు ఎవరికొస్తదమ్మీ? సదువు రానోళ్లు గూడ విని సమజ్ చేసుకునేటోళ్లు. అసుంటి రాత నాతోని గాదు," అన్నాడు.

నిన్నటి సంతాపసభలోనూ అందరిదీ అదే మాట. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్, గడప దాటకూడదు కనుక ఆమె సభను ఫోన్లో వింది. ఆయన తెలుగును పొగుడుతుంటే గర్వంతో కళ్లు నిండాయి. ఎక్కడో చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. ప్రతి గురువారం ఆయన సంపాదకీయం పట్టుకొని వంటింటి గడప మీద కూర్చుని చదివేవాడు. ఆమె రొట్టెలు కాలుస్తూ "సమజ్ గాలే" అంటే ఆ వాక్యం కొట్టేసేవాడు. "మరెట్లనాలె?" అని అడిగి, ఆమె చెప్పింది బడిపిల్లాడిలా బుద్ధిగా రాసుకునేవాడు. అప్పుడు ఎంత ముద్దొచ్చేవాడో మనిషి. ముందుగదిలో నలుగురు చేరితే మాత్రం, "మా ఇంటామెకు సమజైతే గొడ్డుకు గూడ సమజైతది," అని నవ్వించేవాడు. ఆ నవ్వుల మధ్యకు చాయ్ మోసుకెళ్లిందీ ఆమే. ఆయన మీద కోపం ఒక పూట కూడా నిలిచేది కాదు, అదే వచ్చిన చిక్కు.

"మీ అబ్బా మీద నువ్వు రాసింది సదువు," అంది కొడుకుతో.

"ప్రజాక్షేత్రంలో అవిశ్రాంత అక్షర సేద్యకారుడు..."

"సమజ్ గాలే."

అఖీల్ తలెత్తాడు. "మరెట్లనాలె అమ్మీ?"

అచ్చం తండ్రి గొంతే. జాహేదా చేతిలో గరిటె ఆగింది.

"కాలువ నీళ్లు ఆఖరి మడికి రాకుంటే, గా మడి గట్టు మీద కూసోని వార్త రాసిండు. గట్ల రాయి."

అఖీల్ రాసుకున్నాడు. రాసింది మళ్లీ పైకి చదివాడు.

"అమ్మీ, ఇది అబ్బా తెలుగే."

"కాదు బేటా, నాది." జాహేదా గరిటె అతని చేతిలో పెట్టి, కలం తీసుకుంది. "అడుగంటకుండ తిప్పు. జర మంచిగ నేర్సుకో. వచ్చే వారం గూడ నువ్వే ఉడికియ్యాలె."