ఖాళీ దారిలో పరీక్ష

నేను ఒక రూటర్‌ని. కొండల మధ్య ముప్పై పడకల ఆసుపత్రిలో, మందుల గది గోడకు బిగించిన ఇనుప పెట్టెలో ఆరేళ్ళు పనిచేశాను. ఫ్యాక్టరీలో నన్ను మూడు రోజులు మోయగలిగినంత పని మోపి నడిపి చూశాకే బయటికి పంపారు. చేసేవాళ్ళకు ఆ మాత్రం బుద్ధి ఉంటుంది. వాడేవాళ్ళకూ ఉంటుందనుకున్నాను.

ఆసుపత్రికి ఉన్నది ఒకటే సన్నని లైను. సెల్ సిగ్నలు లేదు. సిబ్బంది హాజరు ఫొటోలు, కెమెరాల బొమ్మలు అన్నీ ఆ లైనులోనే పోవాలి. నగరంలోని డాక్టరుతో వీడియోలో మాట్లాడేటప్పుడు ఆ మాటను ముందు పంపి, తక్కినవాటిని ఆపాలని నాలో నియమం రాయడానికి ఇంజనీరు ఫణీంద్ర వచ్చాడు. చక్కగా రాశాడు. దాన్ని లైనుకు తగిలించడం మరిచాడు; తగిలించనిదే అది పనిచెయ్యదు.

పెద్దవాళ్ళు తనిఖీకి వస్తే వరండా కడిగించడం ఆఫీసు సూపరింటెండెంటు కోదండపాణి గారి అలవాటు. పరీక్ష రోజున నన్నూ అలాగే కడిగించారు. "ఇంజనీరు గారు చూస్తున్నారు, అందరూ నెట్టు ఆపండి" అని వార్డువార్డుకూ తిరిగారు. ఫణీంద్ర నల్లటి తెరమీద పింగ్ కొట్టాడు. అంటే అవతలి కంప్యూటరును "ఉన్నావా?" అని అడిగి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడడం. ముప్పై మిల్లీసెకన్లు. ఒక్కటీ పోలేదు.

నర్సు ఎస్తేరు గుమ్మంలో నిలబడి అడిగింది. "అందరూ వాడుతున్నప్పుడు చూడవా బాబూ?"

"అప్పుడు రిజల్టు బాగా రాదు సిస్టర్."

అతను వేళాకోళమాడలేదు. ఇంకొక్క ఆజ్ఞ కొడితే, ఆ నియమం ఎన్నిసార్లు పనిచేసిందో చెప్పేదాన్ని. సున్నా అని. అడగనిదే చెప్పే నోరు నాకు లేదు.

తర్వాతి సోమవారం ఉదయం, పాము కరిచిన రాజారత్నాన్ని అతని భార్య దీవెన తీసుకొచ్చింది. ఆసుపత్రి డాక్టరు సెలవులో ఉన్నాడు. కనురెప్పలు వాలుతున్నాయేమో చూపించమన్నాడు నగర డాక్టరు; వాలితే విషం ఎక్కినట్టు, వెంటనే మందు ఎక్కించాలి. ఎస్తేరు కెమెరా పట్టింది. సరిగ్గా అప్పుడే హాజరు ఫొటోలన్నీ నా మీద పడ్డాయి. అవతలి తెరమీద తెరిచి ఉన్న కన్ను అలాగే ఆగిపోయింది.

"రెప్పలు తెరిచే ఉన్నాయి. కాసేపు చూద్దాం" అన్నాడు డాక్టరు.

"వాలిపోయాయి సార్" అంది ఎస్తేరు. మళ్ళీ అంది. ఆ మాట ఫొటోల వెనక వరుసలో నిలబడింది. పన్నెండు కాకముందే రాజారత్నం ఊపిరి ఆగింది.

ఆ చావు మీద విచారణ రోజున కోదండపాణి గారు మళ్ళీ వార్డులకు బయల్దేరారు.

"ఎవరూ ఆపొద్దు సార్. సోమవారం ఎవరూ ఆపలేదు" అంది ఎస్తేరు. గొంతు పెంచలేదు.

ఫణీంద్ర పింగ్ కొట్టాడు. తొమ్మిది వందలు. పన్నెండు వందలు. జవాబు లేదు. జవాబు లేదు. అప్పుడు ఆ రెండో ఆజ్ఞ కొట్టాడు. సున్నా. తర్వాత ఒక్క వరుస కొట్టి నియమాన్ని లైనుకు తగిలించాడు.

"వినిపిస్తోందా సార్?" అని ఎస్తేరు వీడియోలో నగర డాక్టరును అడిగింది.

"స్పష్టంగా వినిపిస్తోందమ్మా."

ఆమె లేచి బయటికి వెళ్ళిపోయింది.

నివేదికలో "పరికరం పాతది" అని రాశారు. ప్లగ్గు పీకితే ఆ సున్నాతో సహా నా లెక్కలు చెరిగిపోతాయి. ఆ ఒక్క సంగతి వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఎస్తేరును వేరే ఊరికి బదిలీ చేశారు.

విరిగిన స్ట్రెచర్ల గదిలో ఉన్నానిప్పుడు. ఈ రోజు కొత్త రూటర్‌కు పరీక్ష. "అందరూ నెట్టు ఆపండి" అంటూ కోదండపాణి గారు వరండాలో వెళ్తున్నారు. మరణ పత్రం కోసం వచ్చిన దీవెన అక్కడే బెంచీ మీద ఉంది.

"ఎందుకాపాలి సార్?" అంది.

జవాబు లేదు.