విప్పినవాటికీ మడిచినవాటికీ చెల్లు

రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. ఒక వాక్యం పూర్తయ్యేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ‘నేను’ అని మొదలుపెడితే కలం సాగడం లేదు కాబట్టి, ఇంట్లోవాళ్లు పెట్టిన పేరుతో, పక్కింటావిడ సంగతి చెప్పినట్టు చెబుతాను.

నిదానమ్మ పొద్దున్నే వదినగారి మోకాళ్లకు నూనె రాస్తోంది. ఇంట్లో కాదు, పరాయి దేశంలో, హోటల్ గదిలో. వదిన అంటే పోయిన భర్తకు అక్క. ఆయన పోయినప్పటి నుంచీ నిదానమ్మ ఉండేది ఆవిడ ఇంట్లోనే. “టికెట్టులో సగం నేను పెడతాలేవే, నాకూ తోడుంటావు” అంది వదిన. మిగతా సగం నిదానమ్మ జాకెట్లు కుట్టి కూడబెట్టుకున్నది. తోడు అంటే ఆవిడ సంచి, ఆవిడ మందులు, ఆవిడ మోకాళ్లు అని విమానం ఎక్కకముందే అర్థమైంది.

“ఇవాళ పడవ ఎక్కుతాను వదినా” అంది నిదానమ్మ, నూనె చేతులు తుడుచుకుంటూ.

“నీకెందుకే పడవలు? కళ్లు తిరుగుతాయి.”

తిరుగుతాయో లేదో ఆమెకెలా తెలుస్తుంది? నీళ్లున్న చోటికి ఎప్పుడు వెళ్లినా ఆమె చోటు గట్టు మీదే. “నువ్వు సామాన్లు చూస్తుండు” అనేవాడు భర్త. అందరూ పడవెక్కి చేతులూపుతుంటే, చెప్పుల కుప్ప పక్కన కూర్చుని తనూ ఊపేది. అందుకే ఈసారి పడవ డబ్బులు విడిగా రుమాల్లో ముడివేసి తెచ్చుకుంది. తిరుగు ప్రయాణం రేపే. పడవ ఎక్కితే ఇవాళే ఎక్కాలి.

యాత్రకొచ్చిన ఆడవాళ్లందరూ ఎక్కిన బస్సు రేవు దాకా వెళ్లకుండా దారిలోనే ఆగింది. “చూసి వచ్చేద్దాం అమ్మా, అందరికీ దొరికే అవకాశం కాదు” అని గైడు వాళ్లని ఒక శాలువాల దుకాణంలోకి తోలి, తను యజమానితో చెయ్యి కలిపి, వెనక గదిలోకి మాయమయ్యాడు. తలుపు మూశారు, చలిగాలి వస్తుందని. చిన్న గ్లాసుల్లో టీ వచ్చింది. యజమాని యాత్రికుల దగ్గర నేర్చుకున్న ముక్కల తెలుగులో “కొనొద్దమ్మా, చూడండి చాలు” అన్నాడు.

చూడటం మొదలైంది. ఒకటి విప్పాడు, దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. నేలంతా శాలువాలు పరిచి నుదురు తుడుచుకున్నాడు. ముందు చెప్పిన ధర అడగకుండానే సగమైంది. “మీరు నాకు అక్కలు కాబట్టి” అని అందులో సగమైంది. ఆడవాళ్లందరూ ఖాళీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. లేవాలని అందరికీ ఉంది, ముందు లేవడానికే మొహమాటం.

వదిన మోచేత్తో పొడిచింది. “ఏదో ఒకటి తీసుకోవే. టీ తాగి ఊరికే లేస్తే ఏం మర్యాద? నీ రుమాల్లో ఉన్నాయిగా.”

“మీరు తీసుకోరా వదినా?”

“నేను బరువు మొయ్యలేను కదే” అంది, తన సంచి కూడా మొయ్యని వదిన.

నిదానమ్మ చెయ్యి రుమాలు దాకా వెళ్లింది. ఈ దుకాణం ఆమెకు కొత్త కాదు. పెళ్లయిన నాటి నుంచీ ఇలాంటి దుకాణంలోనే కూర్చుంది. అడగకుండానే ఏదో చేతిలో పెడతారు. ధర ముందు చెప్పరు. “నీకు తిండికి లోటు చేశానా?” అనేవాడు భర్త. “మా గడప తొక్కాకే నువ్వు మనిషివయ్యావు” అనేది అత్తగారు. “నీడ ఇచ్చాను” అంటుంది వదిన, వచ్చినవాళ్లందరి ముందూ. ఇచ్చిందొక్కసారి, వసూలు మాత్రం రోజూ. ఆమె చేసిన పని ఎవరి లెక్కలోనూ లేదు. అసలు ఆమె లెక్కలోనే లేదు.

ఆలోచిస్తూనే, నేల మీద పడున్న బట్ట చూస్తే చేతులు ఊరుకోక, కిందికి దిగి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకావిడ దిగింది, తర్వాత మిగతావాళ్లు. అంచుకు అంచు కలిపి, దులిపి, చకచకా మడిచేశారు. “వద్దమ్మా, మడవడానికి మనుషులున్నారు” అని యజమాని అంటూనే ఉన్నాడు. కుప్ప కాస్తా దొంతరయ్యింది.

“ఇంత కష్టపడి విప్పానమ్మా” అన్నాడు దీనంగా. “ఒక్కటైనా తీసుకోరా?”

“విప్పింది మీరు, మడిచింది మేం. టీ మీది, పని మాది. దానికీ దీనికీ చెల్లు బాబూ” అంది నిదానమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అందరూ లేచారు. తలుపు నిదానమ్మే తీసింది. తను చేసిన పనిని త్రాసులో రెండో తట్టలో పెట్టడం ఆమె జన్మలో అదే మొదటిసారి.

రేవు దగ్గర బస్సు ఆగింది. వదిన దిగలేదు. “మోకాళ్లు లాగుతున్నాయి. నువ్వూ ఉండు, కాస్త నూనె రాద్దువు.”

“వచ్చాక రాస్తాను.”

“టికెట్టులో సగం ఎవరు పెట్టారో గుర్తుందా?”

“గుర్తుంది వదినా. మీ ఇంట్లో ఇన్నేళ్ల వంట పక్కన పెడదాం. ఈ ప్రయాణంలో పట్టిన కాళ్లకే ఆ సగం తీరిపోయింది” అంది, గొంతు పెంచకుండా. వదిన సంచి ఆవిడ ఒళ్లోనే పెట్టి దిగింది.

పడవవాడు ధర చెప్పాడు. అవతలి ఒడ్డుకు చేర్చాక, తిరిగి రావడానికి వేరే అడుగుతారని బస్సులో అనుకుంటుంటే విన్నది. అందుకే వేలితో అటు చూపించి, ఇటు చూపించి, రెండింటికీ కలిపి అదే ధరా అని సైగ చేసింది. అతను నవ్వి తలూపాడు. అందరూ చూస్తుండగా ఇంకోసారి ఊపించుకుని, వెళ్లి ముందు బల్ల మీద కూర్చుంది. కళ్లు తిరగలేదు.

ఇట్లు,
నిదానమ్మ. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉంటున్నది వదినగారింట్లో కాదు, రొట్టెల దుకాణం పైన ఒంటిగదిలో. చేరేముందు అద్దె ఎంతో అడిగాను.