మారిపోయిన బోల్టు

ఓబ్రెన్ తుపాకీని బల్ల మీద పెట్టి, ఆదివారం పందుల వేటకు ఇదే తీసుకెళతానన్నాడు. సైన్యం పాతవన్నీ అమ్మేసినప్పుడు కొన్నది. మొన్న కాలిస్తే తూటా ఇత్తడి తొడుగు అడుగున సన్నగా చీలింది. అందుకే ఇవాన్యిత్స ఊళ్లో తుపాకులు బాగుచేసే నెగోసావ దగ్గరికి తెచ్చాడు.

ఆమె ముందు తూటాను వెనకనుంచి మూసే బోల్టు లాగి, లోపల తూటా లేదని వేలు పెట్టి చూసింది. తర్వాత బోల్టులోంచి స్ప్రింగునీ, పిన్నునీ విడదీసింది. తూటా కూర్చునే గదిని గుడ్డతో తుడిచి, తూటా ఆకారంలో ఉన్న, కొలత చూసే ఉక్కు గేజి ఒకటి అందులో పెట్టింది. బోల్టు మూసుకుంది.

"బాగానే ఉందిగా వదినా," అన్నాడు ఓబ్రెన్.

"ఆగు. ఇది మూసుకోవాల్సిందే. ఇప్పుడు పెట్టేదాని మీద మూసుకోకూడదు."

రెండో గేజి దానికంటే వెంట్రుకవాసి పొడవెక్కువ. ఆమె బలం పెట్టలేదు, వేలికొసతో నెట్టిందంతే. బోల్టు పిడి మెత్తగా కిందికి దిగి మూసుకుంది.

"తూటా వెనకాల సందు ఎక్కువైంది. ఇంకోసారి కాలిస్తే తూటా తెగి, మంట నీ మొహానికే కొడుతుంది." ఆమె తుపాకీని దీపం కిందికి తిప్పింది. "తుపాకీ నంబరొకటి, బోల్టు నంబరొకటి. ఇది ఎవరిది?"

ఓబ్రెన్‌కు తెలుసు. తనూ తమ్ముడూ చెరొకటి కొని, రెండు బోల్టులూ ఒకే పళ్లెంలో కిరసనాయిలు పోసి కడిగారు. ఆ తర్వాత తమ్ముడు విలోతియె కుక్కను ఓబ్రెన్ అడిగి తీసుకెళ్లి అడవిలో పోగొట్టాడు. అప్పటినుంచి మాటల్లేవు. "మా తమ్ముడిది," అన్నాడు.

"నీ బోల్టు వాడి తుపాకీలో ఉంది. అదెలా ఉందో ఎవరికి తెలుసు? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే వెళతాలే," అన్నాడు ఓబ్రెన్, టోపీ తీసుకుంటూ.

విలోతియె కట్టెలు కొడుతున్నాడు. అన్నను చూసినా గొడ్డలి ఆపలేదు.

"నీ తుపాకీ కాల్చకు. బోల్టులు మారాయి," అన్నాడు ఓబ్రెన్, గేటు బయటే నిలబడి.

"ఎప్పుడు?"

"మనం కడిగినప్పుడు. నెగోసావ చూసింది."

విలోతియె గొడ్డలిని మొద్దులో దించి, లోపలికి వెళ్లి తుపాకీ తెచ్చాడు. ఇద్దరూ కారులో నెగోసావ దగ్గరికి వెళ్లారు.

నెగోసావ ఎవరి బోల్టు వాళ్లకు మార్చి మళ్లీ గేజీలు పెట్టింది. ఓబ్రెన్ తుపాకీలో రెండోది అడ్డం పడింది, బోల్టు దిగలేదు. విలోతియెదాంట్లో దిగిపోయింది.

"అరిగింది నీ బోల్టే. వేరేది దొరికి, దాన్ని మళ్లీ కొలిచేదాకా నీ తుపాకీ ఇక్కడే ఉంటుంది."

విలోతియె తల ఊపాడు. బయటికొచ్చాక ఓబ్రెన్, "ఆదివారం నా తుపాకీతో వంతులేసుకుని కాలుద్దాం," అన్నాడు.

"పొద్దున్నే లేస్తావా అసలు? నీకు నిద్రెక్కువ."

"లేస్తాలే."

ఆదివారం పంది జాడ లేదు. మంచుపొగలో ఓ దుంగ మీద కూర్చుని రొట్టె, ఉప్పు పట్టిన పందిమాంసం తిన్నారు. విలోతియె కూతురు పెళ్లి సంగతి చెప్పాడు. ఓబ్రెన్ ఆ మాట వినడం అదే మొదటిసారి, పెళ్లయి రెండేళ్లయినా.