మడత కత్తికి పళ్లు

వీధి వీధంతా ఆమెని సానకొట్టు అక్క అనే పిలుస్తుంది. పనిలో ఆమెకి తిరుగు లేదు. దర్జీల కత్తెరలైనా వంటవాళ్ల కత్తులైనా ఆమె చక్రం దగ్గరికి రావలసిందే. అంతటి మనిషి సొంత తమ్ముడి కత్తి దగ్గరే బోల్తా పడిందంటే ఏమనాలి చెప్పండి!

తమ్ముడు గోదాములో బేళ్ల తాళ్లు కోసేవాడు. ఆర్నెల్ల కిందట రెండు బేళ్ల మధ్య నలిగి అతని కుడిచేతి వేళ్లు చచ్చుబడ్డాయి. ఇన్నాళ్లకి మేస్త్రీ మళ్లీ రమ్మన్నాడు గానీ ఓ మెలిక పెట్టాడు. ఈ సాయంత్రంలోగా ఒంటిచేత్తో తాడు కోసి చూపిస్తే పాత పని, లేకపోతే గేటు దగ్గర కుర్చీ. ఆ కుర్చీ పేరెత్తితేనే తమ్ముడికి ఒళ్లు మండుతుంది.

"నైలాన్ తాడు మీద కత్తి జారిపోతోందక్కా. పిడి దగ్గర ఓ అంగుళం పళ్లు పెట్టిపెట్టు," అన్నాడు మడత కత్తి ఇస్తూ.

"అదెంత పనిరా," అంది అక్క.

కత్తి అలుగు మీద గుర్తులు గీసుకుని, సన్న చక్రానికి ఆనించి, ఒక్కో పన్నూ కోసింది. ఉక్కు వేడెక్కితే పదును పోతుందని పన్నుకోసారి నీళ్లలో ముంచింది. ఈ పళ్లు అలుగుకి రెండు పక్కలా కొయ్యరు, ఒక పక్కనే కోస్తారు. ఏ పక్కన అని ఆమె ఆలోచించలేదు. ఇరవయ్యేళ్లుగా తమ్ముడి కత్తులన్నీ ఆమె చేతి మీదుగా వెళ్లినవే కదా.

రెండు మేకుల మధ్య బిగించిన తాడుని తమ్ముడు ఎడమచేత్తో కోశాడు. పళ్లు సగం దాకా దిగాయి. అక్కణ్ణుంచి కత్తి పక్కకి లాగేసి జారిపోయింది. ఇంకోసారి కోశాడు. మళ్లీ అంతే.

"నా చెయ్యే ఇంకా కుదరలేదులే," అన్నాడు మెల్లగా.

అక్క కత్తి లాక్కుని వెలుతురులో తిప్పి చూసింది. పళ్లు కుడిచేతి వాటానికి కోసేసింది.

"నీ చెయ్యి కాదు, నా బుర్ర," అంది. "ఆ చెయ్యి మళ్లీ బాగవుతుందనే కూర్చున్నాన్రా నేను."

తమ్ముడు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఆమె ఆ పళ్లన్నీ అరగదీసింది. అలుగు కాస్త సన్నబడింది. రెండో పక్కన, కొత్తగా పని నేర్చుకుంటున్నదానిలా, చూసి చూసి కోసింది. కళ్లలో నీళ్లు అడ్డొస్తే మోచేత్తో తుడుచుకుంది.

ఈసారి ఒక్క లాగుకే తాడు రెండు ముక్కలైంది. తమ్ముడి మొహం విప్పారింది. కత్తి మడిచి ఎడమ జేబులో వేసుకుని, గోదాముకి బయల్దేరినవాడల్లా గుమ్మంలో ఆగాడు.

"అక్కా, ఇంట్లో నా మంచినీళ్ల గ్లాసు కూడా ఎడమవైపు పెట్టవా? ఆర్నెల్లుగా కుడివైపే పెడుతున్నావు. నువ్వు వంటింట్లోకి వెళ్లాక నేనే జరుపుకుంటున్నా."