అడుగంటిన సూపు

మా బావ సూపుల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగి. ఆయన ఒక చెంచా నోట్లో పోసుకుని తలూపితేనే సరుకు డబ్బాలకెక్కుతుంది. అదే నాలుకతో ఇంటికొచ్చి, పెళ్లయిన నాటి నుంచీ మా అక్క వంటకు వంకలు పెడుతున్నాడు. ఉల్లిపాయ సరిగా వేగలేదంటాడు, వెన్న పాతదంటాడు, ఏదో ఒకటి. వాళ్లింట్లోనే ఉంటున్న నేను అక్క తరఫున పోట్లాడి ఒక్కసారీ గెలవలేదు.

అలాంటి మనిషికి జలుబు చేసింది. అది పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. నాలుకకు తెలిసేది ఉప్పు, పులుపు, తీపి, చేదు, మాంసం ఉడికిన నీళ్లలోని కమ్మదనం, అంతేనట. తక్కిన రుచంతా నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకెక్కే వాసనేనని డాక్టరు తేల్చాడు. సొమ్మొకడిది, సోకొకడిది. పోయిన వాసన రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు.

బావ హడలిపోయాడు. నడుంనొప్పి అని సెలవు పెట్టాడు. అది అయిపోయేలోగా ముక్కు బాగుపడకపోతే ఉద్యోగం ఊడినట్టే. నాకొక్కడికే చెప్పి, అక్కకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. అక్క నోట్లో నువ్వుగింజ నానదని ఆయన నమ్మకం. పైగా పక్క వాటాలో ఉండేది ఫ్యాక్టరీ మేనేజరు చెల్లెలు.

గుట్టు దాచడానికి ఆయనకు తోచిన ఉపాయం మెచ్చుకోవడం. ఏది పెట్టినా అమోఘం అన్నాడు, మళ్లీ వడ్డించమన్నాడు. అక్క అడిగినంతా వడ్డించింది. కానీ ఆ మర్నాటి నుంచే సాయంత్రం సూపు అడుగంటడం మొదలైంది. పొగడ్తలకు కళ్లు నెత్తికెక్కి పొయ్యి మీద ధ్యాస తప్పుతోందని నాకు ఒళ్లు మండింది. బావ గిన్నె ఖాళీ చేస్తుంటే నేను ముక్కు మూసుకుని మింగాను. అలా మింగితే మాడు అంతగా తెలియలేదు. డాక్టరు చెప్పింది నిజమే.

సెలవు చివరి రోజున బావ బూట్లకు పాలిష్ వేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. పాలిష్ డబ్బా ముక్కుకు ఆనించుకుని, వాసన వస్తోందంటూ పసివాడిలా ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం అక్క సూపు పోసి, అటు తిరిగి రొట్టె కోస్తోంది. బావ ఒక చెంచా తాగాడు. మొహం అష్టవంకర్లు పోయింది. ఇప్పుడు వంక పెడితే ఇన్నాళ్ల పొగడ్తలూ అబద్ధాలని తేలిపోతాయి. జన్మలో మొదటిసారి పెళ్లాం మనసు గురించి ఆలోచించాడు పాపం.

“అమోఘంగా ఉంది,” అన్నాడు.

అక్క చేతిలో కత్తి ఆగింది. ఇటు తిరిగేసరికి కళ్లనిండా నీళ్లు.

“అయితే ఇంకా రాలేదన్నమాట. రేపు డ్యూటీకి ఎలా వెళ్తారు? మీకు వాసన తెలుస్తుందేమోనని రోజూ కావాలనే మాడుస్తున్నాను. నా వంట బాగుందన్న రోజే నాకు అర్థమైపోయిందండీ.”

ఇన్నాళ్లూ అన్నీ తెలిసి కూడా పక్క వాటావిడకు అక్క ఒక్క ముక్క చెప్పలేదు. బావ చెంచా కింద పెట్టాడు.

“మాడిపోయింది,” అన్నాడు మెల్లగా. “వెన్న కూడా పాతదే.”

అక్క కళ్లు తుడుచుకుని, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది.