శవం వేషం

సినిమాలో శవం వేషం వచ్చిందని మా ఆయన వీధంతా చెప్పుకొని తిరిగాడు. శవానికి నోరు తెరిచేది లేదు, కన్ను తెరిచేది లేదు. దానికోసం గడ్డం పెంచాడు. పెళ్లిచూపులకు కూడా ఆ ముఖానికి అంత పౌడరు పూసుకోలేదు.

బేతంచెర్ల రాళ్ల గనిలో షూటింగు. కత్తులు, బాంబులు, జీపులు. మా సీమలో ఈ సినిమా సన్నాసులకు ఇంకేమీ కనబడదు. వేషాలకు వచ్చిన మా ఊరివాళ్లు కట్టుకొచ్చిన పాత లుంగీలు విప్పించి, కొత్త లుంగీలకు మట్టి పూసి కట్టించారు. టోపీ పెట్టుకున్న అసిస్టెంటు డైరెక్టరు, మీసమైనా సరిగా రానివాడు, మా ఆయనను పిలిచాడు. "హీరో నరకగానే పడిపో. తర్వాత కదలొద్దు. బాగా చేస్తే రేపు పోలీసు వేషం, ఒక డైలాగు కూడా ఇస్తా."

ఆ ఒక్క డైలాగు కోసం మా ఆయన అక్కడికక్కడే బండల పాలిషు పని మానేశాడు.

"డైలాగు పడితే నేనూ యాక్టరునే. ఇంక బండలు మోసేది లేదు," అన్నాడు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట. ఊరుకో," అన్నాను.

ఒకటి మాత్రం నిజం, చావడం ఆయనకు వచ్చు. మా ఊరి నాటకంలో ఏటా రాక్షసుడి వేషం కట్టి చచ్చేది ఆయనే. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. చావు బాగుందని జనం చప్పట్లు కొడితే, చచ్చినవాడు లేచి, సభకు దండం పెట్టి, మళ్లీ చావాలి. లేవకపోతే వీడికి పొగరెక్కింది అంటారు.

హీరో కత్తి ఊపాడు. మా ఆయన గింగిరాలు తిరిగి, బండకు చేరగిలి, జారిపడ్డాడు. తాడు అవతల నిలబడ్డ మా ఊరి జనం ఊరుకుంటారా? ఒకటే చప్పట్లు, ఈలలు. కెమెరా తిరుగుతూనే ఉంది. నేను చూస్తుండగానే శవం లేచింది. జనానికి దండం పెట్టి, బుద్ధిగా మళ్లీ చచ్చింది.

టోపీవాడు పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు శవానికి కూడా పనికిరావు. పో," అన్నాడు. మా ఆయన ఒంటిమీది చొక్కా విప్పించి, పొట్టు నింపిన గోతానికి తొడిగి అక్కడ పడుకోబెట్టారు.

పనికిరావనే మాట పొద్దున్నుంచీ నేనూ అంటున్నదే. ఆ వెధవ నోట వింటే మాత్రం ఒళ్లు మండింది. "జనం మర్యాద చేస్తే ఆయప్ప తిరిగి మర్యాద చేసినాడు. నీకేం తెలుస్తాది అది?" అన్నాను. వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వెళ్లిపోయాడు.

తిరిగి వస్తూ రైల్వేస్టేషను దగ్గర టీ కొట్టులో ఆగాం. మా ఊరి దాసన్న, అతని జట్టు అక్కడే ఉన్నారు.

"ఏమప్పా ఈరేషూ, యాడ తప్పినావు? ఎట్ల పడినావో మాకు ఇంగోసారి చూపీ," అన్నాడు దాసన్న పళ్లికిలిస్తూ.

సిగ్గున్నవాడైతే తల దించుకొని టీ తాగి వచ్చేవాడు. మా ఆయన గ్లాసు పక్కన పెట్టి, గింగిరాలు తిరిగి, రోడ్డు పక్క రాతిదుమ్ములో పడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేవలేదు. దాసన్న మళ్లీ చప్పట్లు కొట్టాడు. పెదవి మీద ఈగ వాలింది. అయినా కదల్లేదు.

నాకు భయం వేసింది. పక్కన కూర్చొని భుజం తట్టాను. "లెయ్యి, ఇంటికి పోదాం. శానా బాగా చచ్చినావు," అన్నాను. ఆయనను నేను ఎప్పుడూ మెచ్చుకొని ఎరగను.

మూసిన కళ్లలోంచి నీళ్లు దుమ్ములోకి కారుతున్నాయి.

"ఇప్పుడు కదల్లేదు గదా," అన్నాడు. "పోయి ఆ టోపీ ఆయప్పకు చెప్పు."