ఆగిన కత్తి

శుక్రవారం పొద్దున్నే మూడో కోడి కూడా పాడైంది. గొంతు మీద కత్తి క్షణం ఆగినా ఆ మాంసం యూదులకి పనికిరాదు. లిథువేనియాలోని ఆ చిన్న ఊళ్ళో కోళ్ళు కోసే జుండెల్ చెయ్యి మళ్ళీ ఆగింది.

"ఏం జుండెల్, ఈ రాత్రి సబ్బాతు పండక్కి పిల్లలకి ఉత్త ఉల్లిపాయలు పెట్టమంటావా?" వాకిట్లో ఆడవాళ్ళు అరుస్తున్నారు.

ఒకప్పుడు అతని కోపానికి ఇంట్లో కుండలు పగిలేవి, భార్య ఫ్రూమా దవడలు వాచేవి. ఏడుస్తూ ఊరి మతగురువు రబ్బీ దగ్గరికి వెళ్ళాడు. "నెత్తురు చూసే పుట్టుక నీది నాయనా. ఆ కోపాన్ని కత్తికి కట్టెయ్, ఇంటికి తేకు" అన్నాడాయన. జుండెల్ అంతటితో ఊరుకుంటేనా! ఉపవాసాలుండి, తనని తానే తిట్టుకుని, ఆ కోపాన్ని వేళ్ళతో సహా పెరికేశాడు. ఇప్పుడు కోడి కళ్ళు చూస్తే చెయ్యి కదలదు.

ఫ్రూమాని కొట్టంలోకి పిలిచాడు. "నన్ను తిట్టవే! చేతకానివాడివనవే! నీకు దణ్ణం పెడతా, కాస్త కోపం తెప్పించు. ఈ పని పోతే అడుక్కుతినాలి."

ఫ్రూమా నోరు తెరిచింది. మాట రాకముందే రెండు చేతులూ వాటంతటవే లేచి దవడలకి అడ్డం పడ్డాయి.

జుండెల్ కత్తి కింద పెట్టి, వాకిట్లోవాళ్ళని వెళ్ళిపొమ్మని చెప్పడానికి లేచాడు.